కాటా నిలిచిన నెలలు

ఆసుపత్రి యాజమాన్యానికి నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందలేదేమో అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అన్నింటినీ నేనే తీసుకెళ్లి రిసెప్షన్‌లో ఇచ్చి, ముద్ర కొట్టించుకుని వచ్చాను. చివరిసారి అక్కడి అమ్మాయి "మళ్లీ వచ్చినారా సార్?" అని నవ్వింది. ఆ నవ్వూ నాకు గుర్తుంది. నాకు అన్నీ గుర్తుంటాయి. అదే నా జబ్బు అంటుంది మా ఇంటావిడ.

నేను అడిగింది నా కోసం కాదు. మదనపల్లెలో ఆ ఆసుపత్రిలోనే డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ సర్జరీ, చేయించుకున్నవాళ్లను ఆ తర్వాత చూసుకోవడం నా పని. ప్రతి నెలా ఒకరోజు పుంగనూరులో, ఒకరోజు కుప్పంలో కూర్చుని, ఆ చుట్టుపక్కల వాళ్లను అక్కడే చూసేవాడిని. నేను దిగిపోయిన నెల నుంచి ఆ రెండు చోట్లా ఎవరూ కూర్చోవడం లేదు.

కుప్పం దగ్గర పల్లెలో రెడ్డెమ్మ అనే ఆమె ఉంది. మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ బాగానే జరిగింది. మొదట్లో బరువు బాగానే దిగింది. కొన్నాళ్లుగా కాటా మీద అంకె కదలడం లేదు. ఆపరేషన్ చెడిపోయిందని ఇంట్లోవాళ్లు తీర్మానించి, బెంగుళూరులో ఇంకోసారి కోయించడానికి సిద్ధమయ్యారు. ఆమెకు రక్తపరీక్ష చేసినవాళ్లు లేరు. ఏం తింటున్నావమ్మా అని అడిగినవాళ్లూ లేరు. అడగాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది. రిటైరయ్యాక నేను రాసిన ఉత్తరాలన్నీ ఆ కుర్చీ గురించే.

ఉత్తరం చదవనివాళ్లు అచ్చులో చూస్తే చదువుతారేమో. వాళ్లు చదవకపోయినా, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదువుతారు. ఆ కుర్చీలో కూర్చోవడం అంటే ఏమిటో కాలేజీలో చెప్పరు.

కోత ఒక పూట పని

ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో బరువు దానంతట అదే దిగుతుంది. ఒంట్లో నిలవ ఉన్న నీరు పోతుంది, తిండి తగ్గిపోతుంది, బట్టలు వదులవుతాయి. ఆ రోజుల్లో అందరూ దేవుళ్లే. డాక్టరు పెద్ద దేవుడు, నేను చిన్న దేవుణ్ని. ఇళ్ల నుంచి సపోటాలు, వేరుశనక్కాయలు వచ్చేవి.

తర్వాత ఒకరోజు కాటా ఆగుతుంది. ఒక్కొక్కరికి కొన్ని రోజులు, ఒక్కొక్కరికి కొన్ని వారాలు. తక్కువ తిండితో బతకడం ఒళ్లు నేర్చుకుంటూ ఉంటుంది. కాటాకు తెలియని మార్పులు లోపల జరుగుతుంటాయి. మళ్లీ కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. మొత్తం తగ్గడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఇదేమీ రహస్యం కాదు, ప్రతి డాక్టరుకూ తెలుసు. కానీ కాటా ఆగిన రోజు మనిషి ఇంట్లో ఏం జరుగుతుందో డాక్టరుకు తెలియదు. అత్తగారు చూసే చూపు, పక్కింటావిడ అడిగే ప్రశ్న, "అంత దుడ్డు పోసి ఏం సాధించినావు?" అనే మొగుడు. వీళ్ల మధ్య ఆ మనిషి ఒంటరిగా ఉంటుంది. సపోటాలు ఆగిపోయేది అప్పుడే. నా అసలు ఉద్యోగం మొదలయ్యేదీ అప్పుడే.

ఈ తొందరను సగం మేమే పెంచాం. బైపాస్ దగ్గర మా ఆసుపత్రి పెట్టిన బోర్డు మీద ఒక పక్క లావు మనిషి, ఇంకో పక్క సన్నటి మనిషి, మధ్యలో "ఆరు నెలల్లో కొత్త మీరు!" అని ఉండేది. ఆ ఇద్దరూ ఒకే మనిషి కాదని నా అనుమానం. చెవులు వేరుగా ఉండేవి. ఆ "ఆరు నెలలు" తీసేయమని మా పెద్ద డాక్టరును అడిగాను. ఆపరేషన్లన్నీ చేసేది ఆయనే, డిపార్ట్‌మెంటుకు పెద్ద కూడా ఆయనే.

"నువ్వు సంగటి ముద్దలు చూసుకోవయ్యా, బోర్డులు మేం చూసుకుంటాం" అన్నాడు. నర్సులు ఇద్దరు, అకౌంట్సు ఆయన, అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ ఆసుపత్రిలో నా పేరు సంగటి సారు. బోర్డు మాత్రం ఎండకు వెలిసిపోయేదాకా అక్కడే ఉంది.

బస్సులో కాటా

ఇన్ని ఫిర్యాదులున్నా, ఆ రోజులే మళ్లీ కావాలనిపిస్తుంది. మదనపల్లె చలిలో పొద్దున్నే బస్టాండుకు నడిచేవాడిని. చేతిలో ఇడ్లీ డబ్బా, భుజాన గోనెసంచిలో బరువు చూసే కాటా. పుంగనూరులో ఆసుపత్రివాళ్లు కాటా కొనివ్వలేదు. దాని మీద కూడా ఉత్తరం రాశాను.

ఒక కండక్టరు సంచిని కాలితో తట్టి, "ఏం సార్, మూటలో ఏముండాది?" అన్నాడు.

"కాటా."

"యాపారమా? దీనికీ టికెట్టు కొట్టల్ల."

"యాపారం కాదప్పా, మనుషుల్ని తూచేది."

"అట్లయితే పుంగనూరులో దిగినాంక నన్నొగసారి తూచండి. టికెట్టు వొద్దులే."

దిగాక స్టాండులోనే తూచాను. అంకె చూసి మొహం మాడ్చుకున్నాడు. మరుసటి నెల నేను ఎక్కీ ఎక్కగానే కాటాకు టికెట్టు కొట్టేశాడు. ముందుగా నచ్చజెప్పకుండా ఎవరికీ బరువు చూపించకూడదని నేర్చుకున్నది ఆ బస్సులోనే. నవ్వులాట కాదు. మా పనిలో ఇది మొదటి పాఠం.

కుప్పంలో మా గది ఒక మందుల షాపు మీద ఉండేది. మెట్ల మీద బెంచీ. ఆ బెంచీ మీద తెలుగు, అరవం, కన్నడం మూడూ ఒకేసారి వినిపించేవి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరి భాష ఒకరికి రాకుండానే, ఊడిపోయిన జుట్టు ఒకరికొకరు చూపించుకుని ధైర్యం చెప్పుకునేవాళ్లు. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలకు జుట్టు రాలడం మామూలే, తిండి సరిగా ఉంటే మళ్లీ వస్తుంది. నేను చెప్తే నమ్మేవాళ్లు కాదు. కొత్త జుట్టు మొలిచినావిడ కొంగు తీసి చూపిస్తే నమ్మేవాళ్లు. నేను పెట్టిన బెంచీ నాకంటే బాగా పనిచేసింది. దాన్ని ఇప్పుడు మందుల షాపువాళ్లు అట్టపెట్టెలు పెట్టుకోవడానికి వాడుతున్నారని విన్నాను.

మండీ శంకరప్ప

శంకరప్పది పుంగనూరు. మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ నడిపేవాడు. మండీ మనిషికి రేపు అనే మాట ఉండదు. పొద్దున వచ్చిన సరుకు పొద్దున్నే తూగాలి, పొద్దున్నే వేలంపాట అయిపోవాలి, మధ్యాహ్నానికి లారీ కదలాలి. ఆగితే కుళ్లిపోతుంది. అలాంటివాడు తన ఒంటిని కూడా అలాగే చూశాడు. రోజూ పొద్దున క్రేట్లు తూచే కాటా మీద, అందరి ముందూ ఎక్కి నిలబడేవాడు.

మొదట్లో అది మార్కెట్టుకే పండగ. హమాలీలు పందేలు కాసేవాళ్లు. తర్వాత కాటా ఆగింది.

"అన్నా, ఈ పొద్దు ఎంత?"

"నిన్నటంతే."

"మొన్నా అంతే గదన్నా! డాక్టరు కడుపు కోసినాడా, జేబు కోసినాడా?"

ఈ మాటలన్నీ శంకరప్పే నాకు పుంగనూరులో చెప్పాడు, నవ్వుతూనే. ఆ కాటా ఎక్కడం మానేయప్పా అన్నాను. తలూపాడు, మానలేదు. తిండి మానేశాడు. గుడ్డు లేదు, పప్పు లేదు, మేమిచ్చిన విటమిన్ మాత్రలు కూడా లేవు. కాటా కాస్త కదిలింది. దాంతో పూర్తిగా మానేశాడు. తర్వాత నీళ్లు తాగినా వాంతి. ఒకరోజు మార్కెట్లో తూలుతూ నడిచి క్రేట్ల మీద పడ్డాడు. పొద్దున్నే తాగొచ్చాడని అందరూ అనుకున్నారు. అరగంట అలాగే కూర్చోబెట్టారు. పాపం, ఆ మనిషి జన్మలో మందు ముట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నన్ను సంగటి సారు అన్న ఆ పెద్ద డాక్టరు, శంకరప్పను ఆటోలో తెచ్చారని తెలియగానే అన్నం వదిలేసి వచ్చాడు. కళ్లు చూశాడు, కాళ్లు చూశాడు, విటమిన్ లోపమని గుర్తుపట్టి నిమిషాల్లో ఇంజెక్షన్ మొదలుపెట్టించాడు. ఆలస్యమైతే ఆ నడక తిరిగి రాకపోయేది. నేను ఆయన్ను క్షమించలేదు. కానీ ఆ రోజు ఆయన చేతులు చూశాను. అది కూడా గుర్తుంది.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కాటా ఆగితే ఆగాలి. వాంతులు ఆగకపోతే, కాళ్లు తిమ్మిరెక్కితే, నడక తూలితే ఒక్క పూట కూడా ఆగకూడదు. ఈ రెండింటికీ తేడా చెప్పడానికే ఒక మనిషి కుర్చీలో ఉండాలి.

శంకరప్ప కోలుకున్నాడు. సెలైన్లు, తిండి పడేసరికి బరువు కాస్త పెరిగింది. అది చూసి ఏడ్చాడు. "ఇంగొగసారి కోయండి సార్, ఎంతయినా పర్వాల్యా" అని పెద్ద డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. ఆయన నా వైపు తిరిగి, "ఈయనతో నువ్వే మాట్లాడు" అని వెళ్లిపోయాడు. ఆయన నాకు పని ఇచ్చింది ఆ ఒక్కసారే. మిగతావన్నీ నేనే తీసుకున్నాను.

ఏం చెప్పినా వినలేదు. చార్టు చూపించాను, బొమ్మలు గీశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు దుప్పటి పక్కనుంచి ఒక దారం వేలాడుతూ కనిపించింది. మొలతాడు. ముడి దగ్గర నుంచి తోక తొడ సగం దాకా ఉంది.

"ఇదేంది శంకరప్పా, ఇంత పొడుగు?"

"వొదులయినప్పుడంతా బిగించి ముడేస్తా సార్. మిగిలింది లోపలికి దోపుకుంటా."

"కత్తిరించుకోవచ్చు గదా?"

దిగ్గున లేచి కూర్చున్నాడు. "శుభమా అని బతికొస్తే మొలతాడు కత్తిరించమంటారేంది సార్! మనిషి పోయినాంక గదా తెంపేది!"

నిజమే. మా వైపు కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తారు. ఒంటి మీద ఉన్నదాన్ని కత్తిరించరు. అందుకే ఆ తోక అలా మిగిలిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. ముడి వేసి విప్పిన చోటల్లా దారం నొక్కుకుపోయి మెలి తిరిగి ఉంది.

"ఇది ఎప్పుడు కట్టినావు?"

"మా నాయన దినాలకు. ఆపరేషన్‌కు ముందు."

"ఈ చివర్న ఉండే మెలి అప్పటిది. సరేనా? ఇదిగో, ఈడ ఉండేది?"

వేలితో తడిమాడు. "ఆస్పత్రి నుంచి ఇంటికి పోయినాంక."

"ఇదీ, దీని పక్కది?"

వేలు అక్కడే ఆపాడు. "ఈ రెండూ... మార్కెట్లో వాళ్లు ఎగతాళి చేస్తాండినప్పుడు."

"అప్పుడు నువ్వు తిండి మానినావా?"

"లేదు. అప్పుడింకా తింటాండినా."

"అప్పుడు కాటా?"

"కదల్లేదు."

"కాటా కదలకుంటే, ముడి ఎట్ల కదిలింది శంకరప్పా?"

ఆ మెలుల మీద బొటనవేలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి జరుపుతూ అన్నీ లెక్కపెట్టాడు. స్నానం చేసిన ప్రతిసారీ వదులైన దారాన్ని అలవాటుగా బిగించుకుని, మార్కెట్టుకు వెళ్లి తగ్గలేదని ఏడ్చాడు ఆ మనిషి. చివరికి, "ఆ హమాలీ నా కొడుకులకు ఇది సూపిచ్చాల సార్" అన్నాడు. ఆ పూటే గుడ్డు తిన్నాడు. రెండో ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తలేదు. మిగతా బరువు నిదానంగా, అతను అనుకున్నదానికంటే చాలా నిదానంగా, దిగింది.

ఆ ఏడాది ఆసుపత్రి వార్షికోత్సవంలో పెద్ద డాక్టరు స్టేజీ మీద ఈ కథ చెప్పాడు. "మా టీమ్ ఒక మంచి పద్ధతి కనిపెట్టింది" అన్నాడు. చప్పట్లు. టీమ్ హాలు వెనక నీళ్ల క్యాన్ల పక్కన నిలబడి ఉంది. టీమ్‌కు కుర్చీ వేయలేదు.

కొత్తవాళ్లకు

"ఓపిక పట్టండి" అని ఎవరికీ చెప్పకండి. అది బస్టాండులో ఎంక్వైరీ మనిషి చెప్పే మాట. మనిషి ఆగాలంటే చేతికి ఒక పని ఇవ్వాలి, కంటికి ఒక గుర్తు చూపించాలి. మగవాళ్లకు మొలతాడు, ఆడవాళ్లకు మోచేతి దాకా ఎక్కే గాజులు, ఎక్కగలిగిన మెట్లు, కింద కూర్చుని లేవగలగడం. కాటా నెలకొకసారి చాలు.

అలాగని కాటా ఆగిన ప్రతి మనిషినీ సముదాయించి పంపకండి. అడగండి. సంగటి మానేశానని చెప్పి బెల్లం వేసిన రాగిమాల్టు లోటాలు లోటాలు తాగేవాళ్లుంటారు. టీలో బిస్కెట్లు నానబెట్టుకుని తినేవాళ్లుంటారు. మెత్తటివి చిన్న కడుపులోంచి సులువుగా జారిపోతాయి, ఆకలి తీరదు. కొద్దిమందికి నిజంగానే రెండో ఆపరేషన్ కావాల్సి రావచ్చు, నేను కాదనను. కానీ అది పరీక్షలు చేసి, ఎదురుగా కూర్చుని తేల్చాల్సిన సంగతి. ఇంటి అరుగు మీద తేల్చేది కాదు.

రెడ్డెమ్మ

ఆమె ఫోన్లు చేస్తూ ఉంటే ఉండలేక మొన్న కుప్పం వెళ్లాను. వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు. నేను వెళ్లేసరికి రెడ్డెమ్మ భర్త గంగప్ప షెడ్డు గుమ్మంలో నిలబడి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"నిదానంగా రండి సార్. జ్వరంలో ఉండాయి."

పట్టు పెంచేవాళ్ల మాటలో జ్వరమంటే రోగం కాదు. పురుగు పాత చర్మం వదిలే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయరు, తట్టలు కదపరు. అది లేచేదాకా చూస్తారు.

"ఆకు ఏస్తే ఏమవుతాది గంగప్పా?" అన్నాను, తెలియనట్టు.

"ఎవురన్నా ఏస్తారా సార్? పంటే పోతాది. లేసేదాకా ఆగల్ల."

వెనక నుంచి రెడ్డెమ్మ అందుకుంది. "విన్నారా సార్? పురుగుకయితే ఆగుతాడు. పెండ్లానికి ఆగడు."

గంగప్ప మొహం ఎర్రబడింది. బయటికి వచ్చి, అరుగు మీద తువ్వాలు పరిచి నన్ను కూర్చోబెట్టాడు. నేను ఆమె తిండి అడిగాను, అలసట అడిగాను, గాజులు చూశాను. చేతికి వదులుగానే ఉన్నాయి. కాళ్లు అప్పుడప్పుడూ తిమ్మిరి పడుతున్నాయంది. రక్తపరీక్ష చేయించే అధికారం నాకు లేదు, మందు రాసే అధికారం ఎప్పుడూ లేదు. మదనపల్లెకు తీసుకురమ్మంటే, పోయినసారి వెళ్తే డాక్టరు లేడని తిప్పి పంపారన్నారు.

"పురుగుల సంగతి మా తాత కాలం నుంచి తెల్సు సార్" అన్నాడు గంగప్ప. "ఈ ఆపరేషన్ సంగతి మాకేం తెల్సు? తెల్సినోళ్లు ఒగరు కూసోని చెప్పల్ల. మీరు చెప్తాండారు, నేను కాదన్ను. కానీ మీరిప్పుడు ఆస్పత్రి మనిషి కాదు గదా. రేపు ఈమెకేమన్నా అయితే ఎవుర్ని అడగల్ల? ఆస్పత్రి మనిషి వొచ్చి సూసి ఆగమంటే ఆగుతా. లేకుంటే వొచ్చే ఆదివారం బెంగుళూరికి బండి మాట్లాడినా."

అతను అడిగింది న్యాయం.

అందుకే యాజమాన్యాన్ని బాహాటంగా అడుగుతున్నాను. సన్మానపు శాలువా, నా పేరు, స్టేజీ మీద నా కుర్చీ, అవి అక్కర్లేదు. ఈ గురువారం నేను కుప్పంలో మందుల షాపు మెట్ల మీద కూర్చుని ఉంటాను. రెడ్డెమ్మ, గంగప్ప వస్తామన్నారు. ఆమె కాళ్లు తిమ్మిరి పడుతున్నాయి, అది ఆగాల్సిన సంగతి కాదు. గది తాళం మీ దగ్గర ఉంది. రక్తపరీక్ష రాసే అధికారమూ మీ దగ్గరే ఉంది. ఆ రోజు తలుపు తీసి, ఆమె ఎదురుగా కూర్చునేది ఎవరు? ఉత్తరం అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. ఒక మనిషి పేరు చెప్పండి.